అండాలమ్మ రక్తం, జనార్ధన్ నిమ్మరసం

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజుల్లో మా కొత్తపేటలో రోడ్డు పక్కన ఒక దీక్షా శిబిరం ఉండేది. రిలే నిరాహార దీక్ష. రోజుకొక వర్గం వాళ్లు పొద్దున వచ్చి కూర్చుంటారు, సాయంత్రం ఎవరో ఒక పెద్దమనిషి నిమ్మరసం ఇస్తే లేస్తారు. ఒకరోజు లాయర్లు, ఒకరోజు పంతుళ్లు, ఒకరోజు ఆటోవాళ్లు. మంచినీళ్లు తప్ప ఇంకేమీ ముట్టేది లేదని మైకులో గంటకోసారి చెప్పేవాళ్లు. ఆ మాట ఎంతవరకు నిలబడిందో టెంటు వెనక చాయ్ బండి పెట్టుకున్న అండాలమ్మకే తెలుసు. టెంటు గుడ్డ కింద నుంచి ఒక చెయ్యి బయటికొచ్చేది. ఆ చేతిలో అండాలమ్మ చాయ్ గ్లాసు పెట్టేది. కాసేపటికి ఖాళీ గ్లాసు అదే దారిన తిరిగొచ్చేది. ఆ చెయ్యి ఎవరిదో అండాలమ్మ పట్టించుకునేది కాదు. ఉంగరాలను బట్టి నేను పోల్చుకునేదాన్ని.

అండాలమ్మది చిట్యాల అవతల చిన్న పల్లె. పెనిమిటి మట్టయ్య విజయవాడ రోడ్డు మీద లారీ నడిపేవాడు. ఇంటికి వచ్చినప్పుడల్లా ఆమెకు ఒక మిఠాయి పొట్లం, ఊరూరి కబుర్లు, చివరికి ఒక జబ్బు తెచ్చాడు. అతను పోయాక దవాఖాన వాళ్లు ఆమెకూ రక్తపరీక్ష చేశారు. ఆ ఫలితం ఆమె కంటే ముందు ఊరికి తెలిసింది. అత్తగారింట్లో పళ్లెం వేరు పెట్టారు. అన్న ఇంటికి పోతే పళ్లెంతో పాటు మంచం కూడా వేరు, అదీ వాకిట్లో. ఎట్లాగూ బయటే పడుకోవాలంటే పట్నంలోనే పడుకుంటానని ఆమె బస్సెక్కింది. పెద్ద అంబర్‌పేట్ దగ్గర లారీలు ఆగే ఒక హోటల్లో గిన్నెలు తోముతూ చాయ్ కాచడం నేర్చింది. కొన్నాళ్లు హయత్‌నగర్ బస్ డిపో ముందు అమ్మింది. ఆ తర్వాత కొత్తపేట వచ్చి, మా ఇంటి వెనక రేకుల గది కిరాయికి తీసుకుంది.

ఇదంతా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మా గల్లీలో ఎవరింటికి ఏ చుట్టం ఎందుకు వచ్చాడో, ఎప్పుడు పోతాడో నాకు తెలుసు. నా గోడకు ఆనుకుని నాలుగేళ్లుగా ఉన్న మనిషి సంగతి మాత్రం తెలియలేదు. పొద్దున ఎనిమిదింటికి, మళ్లీ సాయంత్రం ఎనిమిదింటికి ఆమె ఫోను మోగేది. “ఎవరే?” అంటే “పాలోడక్కా” అనేది. రోజుకు రెండుసార్లు ఫోన్ చేసి మరీ పాలు పోసేవాడు ఈ హైదరాబాదులో ఉన్నాడంటే నేను నమ్మాను. అది మాత్ర మింగే గంట.

శిబిరానికి పెద్ద జనార్ధన్. ఆయనది పాత ఊరి భూముల కుటుంబం. ఇప్పుడు ఎల్బీనగర్ అవతల వెంచర్లు వేసి ప్లాట్లు అమ్ముతాడు. ఆయన పుట్టినరోజు నాడు శిబిరంలో రక్తదానం పెట్టారు. ఉద్యమం కోసం అని బ్యానరు మీద పెద్దక్షరాలతో, జన్మదినం సందర్భంగా అని ఇంకా పెద్దక్షరాలతో రాశారు. పొద్దున్నుంచి “చివరి రక్తపు బొట్టు దాకా!” అని నినాదాలు. తీరా మంచాలు వేసి, సూదులు తీసేసరికి చివరి బొట్టు సంగతి అటుంచి మొదటి బొట్టుకే ఎవరూ దొరకలేదు. ఒకరికి నిన్నటి నుంచి జ్వరమట. ఒకరు దీక్షలో ఉన్నాడు కాబట్టి నీరసమట. జనార్ధన్‌కు బీపీ. టెంట్‌హౌస్ మహిపాల్‌కు సూది చూస్తే కళ్లు తిరుగుతాయి. మైకు, కుర్చీలు, షామియానా అన్నీ అతనివే. మంచాలు ఖాళీగా ఉంటే ఫొటో బాగుండదని అతను మైకు పట్టుకుని అండాలమ్మ దగ్గరికి వచ్చాడు.

“రా అండాలమ్మా! తెలంగాణ ఆడబిడ్డవు, ఒక్క బాటిల్ ఇయ్యి!”

“నాకొద్దు సారూ.”

“ఎందుకొద్దు? భయమా?”

“భయం కాదు. ఒద్దంటె ఒద్దు, పోనియ్యి.”

“చూసిర్రా! దినాం మన దగ్గర చాయ్ అమ్ముకుంటది, తెలంగాణకు నెత్తురియ్యమంటె మాత్రం ఎనుకకు పోతది!”

అండాలమ్మ చేతిలో గ్లాసు కింద పెట్టి కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

“నా నెత్తురు ఎవరికి ఎక్కిస్తరు సారూ? ఎక్కిచ్చుకున్నోడు ఆగమైతడు. నాకు ఎయిడ్స్ పురుగున్నది. దవాఖానల మందులు తింటున్న.”

మైకు ఆపలేదు. ఆ మాట రైతు బజారు దాకా వినిపించింది. మహిపాల్ మైకును ఎడంగా పట్టుకుని, అది కూడా ముట్టుకోవచ్చో లేదో అన్నట్టు చూశాడు. ఆ రోజు రక్తం ఇవ్వని వాళ్లందరిలో నిజం చెప్పింది ఆమె ఒక్కతే.

మర్నాటి నుంచి టెంటు గుడ్డ కింద చెయ్యి రాలేదు. శిబిరం మొదలయ్యాక మొట్టమొదటి అసలైన నిరాహార దీక్ష ఆ రోజే జరిగింది. మధ్యాహ్నం దాటేసరికి ఇద్దరు పంతుళ్లకు కళ్లు తిరిగాయి. మా ఎదురింటి కృష్ణకుమారి గుడివాడ వైపు మనిషి. ఏడాదిగా ఉద్యమం వాళ్లతో పలకరింపులు లేవు. ఆ సాయంత్రం ఆమె గేటు దగ్గరే తెలంగాణ వాళ్లు నలుగురు చేరారు. ప్రత్యేక రాష్ట్రం మీద కలవని మనసులు ప్రత్యేక గ్లాసు మీద ఐదు నిమిషాల్లో కలిశాయి.

“ఏవండీ శివమ్మగారూ, మీ బోరు నీళ్లే కదండీ మేమూ పట్టుకునేది? ఆవిడా అదే పంపు తిప్పుతుంది కదా. నాకైతే కునుకు లేదండీ.”

“పంపుకు నెత్తురుంటదా కృష్ణకుమారీ?”

“ఏమోనండీ, మనకేం తెలుసు?”

నిజమే, నాకు తెలియదు. తెలియకపోవడం నాకు దురద లాంటిది, గోకనిదే పోదు.

అంతలోనే జనార్ధన్ కబురు పంపాడు. ఆదివారం లోపల బండి తీసెయ్యాలి. శిబిరానికి చెడ్డపేరు వస్తుందట. ఆ బండి ఉన్నది ఆయన కొత్తగా కట్టిన దుకాణాల ముందు అన్న సంగతి కబురులో లేదు. కబురు తెచ్చింది తిరుపతి. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాడు, శిబిరానికి కన్వీనరు. బంద్ అన్నా, ర్యాలీ అన్నా అతను పిలిస్తేనే జనం కదులుతారు.

“నాకు బాధగనే ఉన్నది పెద్దమ్మా. అందరు గట్లనే అంటున్రు.”

“నువ్వేమన్నవ్?”

“నేను... అందరితోటి ఉన్న.”

బండి పోతే అండాలమ్మకు ఇంకో మూల దొరకదు. మైకులో చాటింపు అయ్యాక ఏ గల్లీలో నిలబడినా ఆమె చాయ్ ఎవరు తాగుతారు? ఆమె ఏడవలేదు. పాలు మాత్రం సగానికి తగ్గించింది.

రెండు రోజులకు ఆమె మందులు తెచ్చుకునే తారీకు వచ్చింది. బస్సులు బంద్. ఆటో మాట్లాడుకుంటుంటే నేనూ పోయి పక్కన కూర్చున్నాను.

“ఒక్కదానివే ఎట్ల పోతవే, తోడుంట.”

“నువ్వు తోడుకొస్తలేవక్కా, అడుగుటానికొస్తున్నవ్. ఎక్కు, ఎక్కు.”

పెద్ద దవాఖానలో మందులిచ్చే గది పక్కన సౌజన్య అని ఒక కౌన్సిలర్ ఉంది. జబ్బున్న వాళ్లకు నచ్చజెప్పడం ఆమె ఉద్యోగం. జబ్బు లేని వాళ్లకు చెప్పడం ఇంకా కష్టమని ఆమెకు ఆ రోజు తెలిసి ఉంటుంది.

“గా పురుగు మనిషిల ఎట్ల జొర్రుతది బిడ్డా? నాకు మొదటి నుంచి చెప్పు.”

సౌజన్య నవ్వి తన పిడికిలి చూపించింది.

“పెద్దమ్మా, నెత్తురుల తెల్లకణాలుంటయి, మన సైన్యం. అండ్ల ఒక రకం కణాలు ఉన్నయి. అవి ముందుపడి కొట్లాడయి. దుష్మన్ ఒచ్చిండు లేవుర్రి అని మిగిలిన సైన్యాన్ని పిలుస్తయి. ఈ వైరస్ ముఖ్యంగ పోయి పట్టుకునేది వాటినే.”

“అంటె బంద్ పిలుపు ఇచ్చేటోళ్లను.”

“గట్లనే అనుకో. ఇది కణం అనుకో.” పిడికిలి. చేతి గాజు తట్టి, “ఈ గాజు ఆ కణం గోడ మీద ఉన్న గొళ్లెం. దీని పేరు సీడీ ఫోర్. వైరస్ ఒంటి నిండా ముండ్ల లెక్క ఉంటయి. ఆ ముల్లు సరిగ్గ ఈ గొళ్లేనికి పడుతది. వేరే కణాలకు చాన మట్టుకు ఈ గొళ్లెం లేదు, అందుకే వాటి జోలికి పోదు.”

“మరి ఆ కణం గొళ్లెం ఎందుకు పెట్టుకున్నది? తీసేస్తె పీడ పోవు గద!”

“దొంగ కోసం పెట్టుకోలే పెద్దమ్మా. అది దాని పనికి. వేరే కణాలు ఒచ్చి దుష్మన్ ఆనవాలు చూపిస్తె గుర్తుపట్టాలె గదా, దానికి ఈ గొళ్లెం కావాలె. మంచోళ్లు తట్టే గొళ్లేన్నే దొంగ కూడ పట్టుకుంటడు.”

“పట్టుకుంటె తలుపు తెరుచుకుంటదా?”

“ఒక్కదానితోని తెరుచుకోదు. ఇంకో గొళ్లెం కావాలె. ఎక్కువసార్లు అది సీసీఆర్ ఫైవ్ అని ఒకటి. ఎక్కడ దెబ్బ తగిలింది, ఎటు రావాలె అన్న కబురు అందుకునే గొళ్లెం అది. మొదటిది పట్టుకోంగనే వైరస్ ముల్లు తన ఆకారం మార్చుకుంటది. అప్పటిదాక దాచుకున్న ముక్క బయటికి తీస్తది. అది రెండోదానికి పడుతది. రెండు పడ్డంక దగ్గరికి గుంజుకొని, కణం గోడల తన గోడ కలిపేస్తది. ఇగ లోపటికి పోయినట్టే.”

“పోయి ఏం చేస్తది?”

“తన రాతను ఆ కణం రాత లెక్క మార్చి, అసలు రాతల అతికిస్తది. కణం అది తన పనే అనుకొని వైరస్ కాపీలు తయారు చేస్కుంట పోతది. చివరికి అదే పోతది. పిలిచేటోళ్లు తగ్గిపోతరు. సైన్యం ఉంటది గని లేపేటోడు ఉండడు. అప్పుడు మామూలు దగ్గు కూడ మనిషిని కూలేస్తది.”

రెండు గొళ్లేలు, ఒక దొంగ అని నేను వేళ్లు మడిచి లెక్కపెట్టాను. అండాలమ్మ నావైపు అనుమానంగా చూసింది.

“ఈమె మింగే మాత్ర గొళ్లేలు ఊడపీకుతదా?”

“లేదు. లోపటికి పోయినోని రాత మారకుండ, కొత్త కాపీలు కాకుండ ఆపుతది. అతికినోడు మాత్రం అండ్లనే ఉంటడు, గందుకే ఒక్క పూట కూడ తప్పొద్దు. రెండో గొళ్లేన్ని మూసే మందు కూడ కనిపెట్టిర్రు గని మన దగ్గర ఇంక ఇస్తలేరు. వేరే దేశాలల్ల కొందరికైతే పుట్టుకతోనే ఆ రెండో గొళ్లెం ఉండదు. వాళ్లకు ఈ జబ్బు రావుడు చాన అరుదు.”

“అసొంటోడు మా కొత్తపేటల ఒక్కడన్న ఉంటె బాగుండు. ఇగ చాయ్ గ్లాసు సంగతి చెప్పు. పంపు సంగతి చెప్పు.”

“గ్లాసుతోని రాదు, పంపుతోని రాదు, చెయ్యి కలిపితె రాదు. బయట వేడికి, గాలికి అది ఆగదు. నెత్తురు కలవాలె, లేకుంటె ఆలుమగల కలయికల రావాలె, లేకుంటె తల్లి నుంచి బిడ్డకు. గంతే. ఆమె కాచిన చాయ్ తాగితె వచ్చేది షుగరే.”

“అక్కా, నీ సవాల్-జవాబులు ఒడిస్తె పోదాం. బండి మీద గుడ్డ కూడ కప్పి రాలె” అంది అండాలమ్మ.

తిరుగు దారంతా ఆ రెండు గొళ్లేలే నా బుర్రలో ఆడాయి. ఎక్కడో చూసినట్టుంది, ఎక్కడో చూసినట్టుంది అనుకుంటుంటే దిల్‌సుఖ్‌నగర్ దాటాక కనబడింది. ఒక స్తంభానికి ఫ్లెక్సీ, దాని మీద నిలువెత్తు జనార్ధన్, రెండు చేతులు జోడించి.

ఆదివారం శిబిరంలో ఆడవాళ్ల వంతు. నేనూ, రైతు బజారులో కూరగాయలమ్మే పెంటమ్మా, ఇంకొందరం కూర్చున్నాం. కృష్ణకుమారి కూడా వచ్చింది. “మాది ఆ ప్రాంతం కదండీ, దీక్షలో కూర్చోను. మీ పక్కన కూర్చుంటాను” అని నా పక్కన ఒక కుర్చీ లాక్కుంది. నేనేం చెప్పబోతున్నానో ఆమెకు ముందే అనుమానం. టెంటు వెనక బండి ఇంకా ఉంది. సాయంత్రం దీక్ష విరమణ అయ్యాక తీయించాలని జనార్ధన్ ఇద్దరు మనుషుల్ని తాడుతో నిలబెట్టాడు.

ఐదింటికి ఆయన నిమ్మరసం గ్లాసుల పళ్లెంతో వచ్చాడు. వెనకాల ఫొటోగ్రాఫరు. అందరికంటే పెద్దదాన్ని కాబట్టి మొదటి గ్లాసు నాకు. ఆయన వంగి, ముఖం మాత్రం కెమెరా వైపు తిప్పి, గ్లాసు నా నోటి దగ్గర పెట్టాడు.

“నాకొద్దు” అన్నాను.

“పుల్లగున్నదా పెద్దమ్మా?”

“తాగనే లేదు, పులుపెట్ల తెలుస్తది? నేను దీక్ష ఇడుస్తలేను.”

జనార్ధన్ గ్లాసు వెనక్కి తీసి పళ్లెంలో పెట్టాడు. రిలే దీక్షలో కూర్చున్న వాళ్లు సాయంత్రం లేవకపోవడమనేది ఎవరూ అనుకోని సంగతి. దానికి ఏర్పాటే లేదు. రేపు కూర్చోవలసింది బ్యాంకు ఉద్యోగులు, వాళ్ల ఫ్లెక్సీ కూడా వచ్చేసింది. నాకు షుగరుందని అందరికీ తెలుసు.

తిరుపతి పరుగెత్తుకొచ్చాడు. “పెద్దమ్మా, ఏందిది? పడిపోతవ్!”

“ఆ బండి ఆడనే ఉంటదని చెప్పు, లేస్త.”

“ఆ ముచ్చట వేరు, ఉద్యమం వేరు” అన్నాడు జనార్ధన్, పళ్లెం ఇంకా చేతిలోనే ఉంది. “ఆమెది అంటు జబ్బు. నలుగురి మంచి కోసమే చెప్తున్న.”

“ఎట్ల అంటుతదో నీకెరికనా?”

“డాక్టర్లకు ఎరిక.”

“నేను అడిగొచ్చిన. చెప్త, ఇను. మహిపాలూ, మైకు ఇటియ్యి.”

మహిపాల్ అలవాటు కొద్దీ ఇచ్చేశాడు. సౌజన్య చెప్పింది చెప్పినట్టే మొదలుపెట్టాను. కణం, గొళ్లెం, సీడీ ఫోర్ అంటుంటే వెనక కూర్చున్నవాళ్లు ఆవలించారు. పెంటమ్మ నా చీర లాగి, “గదంత మాకు సమజ్ గాదక్కా, మనూరి ముచ్చట లెక్క చెప్పు” అంది. సరే అన్నాను.

“గీ శిబిరమే ఒక కణం అనుకోర్రి. మన తిరుపతి సారే మొదటి గొళ్లెం. అందరిని పిలిచేటోడు. దానికి తట్టుటానికి మంచోళ్లు మస్తుమంది ఒస్తరు. ఒకనాడు ఒకాయన ఒచ్చిండు. అంతకు ముందుదాక రోడ్డు అవతల నిలబడి, ఈ లొల్లితోని ప్లాట్ల రేటు పడిపోతున్నదని తిట్టినోడే. ఒచ్చి తిరుపతి సారు చెయ్యి పట్టుకున్నడు. పట్టుకోంగనే ఆకారం మార్చిండు. జేబుల దాచిన జై తెలంగాణ కండువ తీసి మెడల ఏస్కున్నడు. అయినా తలుపు తెరుచుకోలే. అప్పుడు రెండో గొళ్లెం, మన టెంట్‌హౌస్ మహిపాల్...”

“పెద్దమ్మా, నన్నెందుకు గుంజుతున్నవ్?”

“...ఆయన వెంచర్ల షామియానా పని మహిపాల్‌కు దొరికింది. రెండు గొళ్లేలు పడ్డయ్. లోపటికొచ్చి గోడల గోడ కలిసిపోయిండు. ఇగ చూస్కోర్రి. ఉద్యమం ఫ్లెక్సీలల్ల ఒక మూలకు ఆయన ఫొటో అతికింది. ఆ మూల పెద్దగయింది. ఇప్పుడు మనం చందాలేస్కొని, మనమే మేకులు కొట్టి, ఆయన ఫొటోలే కడుతున్నం. కణం చేసే పని అచ్చంగ ఇదే. అండాలమ్మ ఒంట్ల జరిగింది గిదే. మరి ఆమె గ్లాసు ముట్టుకుంటె అంటదు గని...”

మిగతాది వినబడలేదు. మొదట పెంటమ్మ నవ్వింది, తర్వాత టెంటంతా. కృష్ణకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “మా చెల్లి వాళ్ల అపార్టుమెంటు సెక్రెటరీ కూడా అచ్చం ఇలాగే వచ్చాడండీ” అంది. తిరుపతి నవ్వలేదు. తల వంచుకుని తన చేతులు చూసుకుంటున్నాడు.

జనార్ధన్ ముఖం కందింది. అయినా ఫొటోగ్రాఫరు ఉన్నాడు కాబట్టి చిరునవ్వు దించలేదు. ఇలాంటి మనుషులు ఊరికే పైకి రారు. వెంటనే ప్లేటు ఫిరాయించాడు.

“పెద్దమ్మ మన కండ్లు తెరిపిచ్చింది! అండాలమ్మ చేతితోనే నిమ్మరసం ఇప్పిద్దాం. ఇటు రా అమ్మా, ఫొటో తియ్యి ప్రణీత్!”

అండాలమ్మ టెంటు గుడ్డ పక్కకు జరిపి నిలబడింది. లోపలికి రాలేదు. అందరి కంటే ముందు నన్నే పట్టుకుంది.

“అక్కా, నా ఒంట్ల ముచ్చట మల్ల మైకుల చెప్పినవ్. నన్నొక్క మాట అడిగినవా?”

నేను మైకు మహిపాల్ చేతికి తిరిగిచ్చేశాను.

“నేను నిమ్మరసం పొయ్య సారూ. అది మీది. దినాం గిన్ని చేతులు నా చాయ్ తీస్కున్నయ్ గద, ఎవ్వరికన్న జొరమొచ్చిందా? తాగేటోళ్లుంటె బండి కాడికొచ్చి, రోడ్డు మీద నిలబడి, గ్లాసుల తాగుర్రి. లేకుంటె తాడు కట్టి గుంజుకపోర్రి. గుడ్డ కింది నుంచి మాత్రం ఇగ ఎవ్వరికియ్య.”

ఆమె తిరిగి పోయి స్టవ్వు వెలిగించింది.

నేను లేచాను. పొద్దున్నుంచి కూర్చున్న మోకాళ్లు పట్టేశాయి, పెంటమ్మ రెక్క పట్టుకుంది. దీక్షలో కూర్చున్న ఆడవాళ్లం ఒకరి వెనక ఒకరం టెంటు బయటికి నడిచాం. బతుకమ్మ పండుగ వెళ్లిన వారమే కాబట్టి రోడ్డున పోయేవాళ్లు ఇంకా ఏదో వేడుక ఉందనుకుని ఆగి చూశారు. అండాలమ్మ అల్లం దంచింది, పాలు పొంగించింది, గాజు గ్లాసులు వరసగా పెట్టింది. మొదటి గ్లాసు నేను తీసుకున్నాను. చక్కెర వెయ్యలేదు. అంత కోపంలోనూ నా షుగరు మరిచిపోలేదు. కృష్ణకుమారి తన గ్లాసును వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది, దేవుడికి దండం పెట్టుకుంది, కళ్లు మూసుకుని ఒక గుక్క తాగింది, కళ్లు తెరిచి, “అల్లం బాగా పడిందండీ” అంది. తర్వాత తిరుపతి వచ్చాడు. ఏమీ అనలేదు. తాడు పట్టుకుని నిలబడ్డ ఇద్దరి దగ్గరికి పోయి, “మీరు గూడ తాగుర్రి, అటెనుక ఇంటికి పోర్రి” అన్నాడు.

టెంటులో జనార్ధన్, నిమ్మరసం మిగిలారు. కాసేపటికి ఆయన కూడా పళ్లెం వదిలి వచ్చాడు.

“నాకొకటి పొయ్యమ్మా.”

“గాజు దాంట్లనా, ప్లాస్టిక్ దాంట్లనా?”

ఆయన చుట్టూ చూశాడు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. “గాజు దాంట్లనే” అన్నాడు. వేడి వేడిగా, ఒక్క గుక్కలో తాగేశాడు. తాగి, గ్లాసు పైకెత్తి పట్టుకుని, ముఖం కెమెరా వైపు తిప్పాడు. కెమెరా బండి మీద పడి ఉంది. ప్రణీత్ దాని పక్కన నిలబడి రెండు చేతులతో గ్లాసు పట్టుకుని చాయ్ ఊదుకుంటున్నాడు.

“తీసినవా?”

“ఏంది సార్?”

జనార్ధన్ ఖాళీ గ్లాసు అండాలమ్మ ముందు పెట్టాడు. “ఇంకొకటి పొయ్యి. మల్ల తాగుత.”

అండాలమ్మ గిన్నె వంచి చూపించింది. “ఒడిసింది సారూ. రేపు ఒడువకముందే రా.”

ఆ పైన తిరుపతి వైపు తిరిగి, పొద్దున బ్యాంకు వాళ్లు ఎంతమంది కూర్చుంటారో అడిగింది. పాలు ఎన్ని చెప్పాలో తేలాలి కదా.